ఇంటి ఎడమ

ముందు గది, కిటికీ పక్క కుర్చీ నుంచి

ఫ్యూజుకి,

అన్నయ్య రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినదేదో నాకే అయింది, అది నీకు తెలిసిందే. పక్షవాతం వచ్చాక ఫోన్లో నా మాట ఇంకా ముద్దముద్దగా వస్తోంది. నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటూ ఉంటే రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. పైగా వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి రోజూ ఏదో ఒకటి రాయమంది. కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో కాగితం కదలకుండా నొక్కి పట్టుకోవాలట. ఎవరికి రాయను? మీ వదిన పక్కగదిలోనే ఉంది. అందుకని నీకు.

చెయ్యి సంగతి చెబుతాను. కాలు వచ్చేసింది, మెట్లు ఎక్కుతున్నాను. ఎడమచెయ్యి కూడా కదులుతుంది, పట్టుకోమంటే పట్టుకుంటుంది. కానీ దానికి ఏమీ తెలియదు. వేడి తెలియదు, చల్లన తెలియదు. అది ఎక్కడుందో నాకూ తెలియదు. చూస్తే ఉంటుంది. చూడకపోతే లేదు. ఇందాకటి వాక్యం రాస్తుండగా కాగితం జారింది. ఏమిటా అని చూస్తే చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది.

ఇక పని. వానలు తగ్గాక లైసెన్సు ఆఫీసువాళ్ళు నాకు మళ్ళీ డ్రైవింగు పరీక్ష పెడతారు. పాసైతే లైసెన్సు ఉంటుంది, డ్రైవింగు స్కూల్లో నా ఉద్యోగమూ ఉంటుంది. అంతవరకూ నా చోట ఎవరినీ పెట్టనని ఓనరు మాటిచ్చాడు. ఫెయిలైతే రెండూ పోతాయి. సొంత కారులోనే పరీక్ష ఇవ్వొచ్చు. నా కారు నీకు తెలుసుగా, ఎర్రది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఆటోమేటిక్. దాని స్టీరింగుకి ప్యాడిల్ షిఫ్టరు పెట్టాలి. చక్రం వెనక చిన్న రెక్కలా ఉండి, వేలితో లాగితే గేరు మారుతుందే, అది. మామూలుగా రెండు పెడతారు, గేరు పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి. నాకు తగ్గించేది ఒక్కటి చాలు, పెంచడం కారే చూసుకుంటుంది. ఎడమకి పెట్టు.

కారు లారీ మీద పంపిస్తున్నాను. ఎందుకు అని మాత్రం అడక్కు.

అన్నయ్య


వర్క్‌షాపు, వైరింగు బల్ల మీద నుంచి

మాస్టారికి,

అడక్కు అంటే అడక్కుండా ఊరుకునేదాన్నయితే నాకు ఫ్యూజు అని పేరెందుకు పెట్టావు? అడుగుతాను. ఎందుకు?

నీ కారు కొన్నప్పుడే చెప్పాను, ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారంటే పులివేషం కట్టిన ఆవు అని. ఊరందరికీ క్లచ్ తొక్కడం నేర్పిన మనిషి చివరికి క్లచ్చే లేని కారు కొన్నాడని మీ స్కూల్లో ఎంత నవ్వుకున్నారో నాకు తెలియదనుకోకు. ఇప్పుడు దానికి ప్యాడిలా! మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ముందు చెయ్యి బాగుచేసుకోవయ్యా బాబూ, గేర్లు దానంతట అదే వేసుకుంటుంది ఆ కారు. అది కదా దాని పనే.

సరే, తిట్టడం అయింది. కారు చేరింది. లారీ దింపినవాడు "ఏ హీరోదమ్మా ఇది?" అని అడిగాడు. "డ్రైవింగు మాస్టారిది" అంటే నమ్మలేదు. లోపల కూర్చున్నాను. నీ సీటు ఎంత వెనక్కి జరిపి ఉందంటే నా కాళ్ళు అందలేదు. ముందుకి జరుపుకోవడానికి మనసొప్పలేదు, జరిపితే మళ్ళీ నీ కొలత ఎక్కడుందో తెలియదని. చివరికి వీపు వెనక దిండు పెట్టుకున్నాను.

పని అవుతుంది. నీ అదృష్టం బాగుండి ఆ గేరు లీవరు పక్కకి నెడితే ప్లస్ మైనస్ ఉన్నాయి. ఆ మైనస్ స్విచ్చు దగ్గర్నుంచి తీగ లాగి స్టీరింగు దాకా తేవాలి. తిప్పలన్నీ అక్కడే. చక్రం తిరుగుతుంది, తీగ మెలిపడకూడదు. అందుకని లోపల చుట్టచుట్టి ఒక రిబ్బను తీగ ఉంటుంది, చక్రం ఎటు తిరిగినా అది విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. దాంట్లో ఖాళీ దారి ఒకటి దొరికింది. ఎయిర్‌బ్యాగు విప్పాలి కాబట్టి ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టి, లోపలి కరెంటు చచ్చేదాకా టీ తాగి వచ్చాను. లేకపోతే అది నా మొహం మీదే పేలుతుంది. ఉన్న అందం కూడా పోతుంది.

ఎడమకి పెట్టమన్నావు. అర్థమైందిలే, నాకు వేరే చెప్పాలా? పరాయివాళ్ళ షెడ్డుకి పంపించి ఉంటే ఏం చేసేవాళ్ళో ఊహించుకో.

నువ్వు ఎలా ఉన్నావో మాత్రం రాయలేదు. చెయ్యి ఎలా ఉందో రాశావు. నేను అడుగుతున్నది చెయ్యి గురించి కాదు.

ఫ్యూజు


ముందు గది నుంచి

ఫ్యూజుకి,

ఎలా ఉన్నానో రాయమన్నావు. రాయడానికి ఏమీ కనబడటం లేదు. పొద్దున లేస్తున్నాను. రబ్బరు బంతి పిసుకుతున్నాను. బంతి వంక చూస్తూ పిసకాలి, చూడకపోతే బంతి కింద పడినా తెలియదు. అన్నం తింటున్నాను. మీ వదిన "రుచిగా ఉందా?" అంటుంది. ఉందంటాను. నిజంగానే ఉంటుంది, ఉప్పూ కారం సరిగ్గానే ఉంటాయి. ఉంటే ఉన్నాయి అన్నట్టు ఉంటుంది.

మొన్న ఒకటి జరిగింది. నేను టీవీ చూస్తున్నాను. మీ వదిన వచ్చి పక్కన కూర్చుంది. వార్తలు అయిపోయాయి, వాతావరణం చెప్పారు, తర్వాత ఏదో ఆట మొదలైంది. ఆవిడ లేచి వెళ్ళిపోతుంటే "ఏంటి, కూర్చోలేదే?" అన్నాను. "ఇంతసేపూ మీ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను కదండీ" అంది. నాకు తెలియదు. చెయ్యి చూసుకుంటే వేళ్ళ మధ్య తడిగా ఉంది. చెమటో, ఏడ్చిందో అడగలేదు.

అందుకు బాధపడాలి కదా. బాధపడదామని చూశాను. రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఏడుపూ లేదు, కోపమూ లేదు. చేతికి వచ్చిన జబ్బే లోపలికి కూడా పాకిందేమో అని డాక్టరుని అడిగితే "అవన్నీ మెల్లగా వస్తాయి" అన్నాడు. సరే అన్నాను.

కారు ఎప్పుడు పంపిస్తావు?

అన్నయ్య


వర్క్‌షాపు నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు కార్ల పని చేశాను. వాటిలో ఒకదానికి హారను తీగ తీసుకెళ్ళి వైపరుకి కలిపాను. హారను కొడితే అద్దం తుడుస్తోంది. కస్టమరు తెల్లబోయి చూశాడు. ఇన్నేళ్ళలో నేను అంత చెత్తపని చెయ్యలేదు.

ఏం రాయాలో తెలియడం లేదు, అందుకని తెలిసింది రాస్తున్నాను. ప్యాడిల్ బిగించేశాను. అల్యూమినియం రేకు, అంచులు అరగదీసి నున్నగా చేశాను, గోరు తెగదు. లాగితే టిక్కుమంటుంది, గేరు ఒకటి తగ్గుతుంది. బాగా స్పీడులో ఉండగా లాగితే గేర్‌బాక్సు ఒప్పుకోదు, దానికి నీకంటే బుద్ధి ఎక్కువ. దిండు పెట్టుకుని ఊరి బయట రోడ్డు మీద తిప్పి చూశాను. వంపు ముందు లాగితే ఇంజను ఒక్కసారి గుర్రుమంది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆవు కాదురా బాబూ, పులే. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రేపు లారీ ఎక్కుతోంది. నీ సీటు ఉన్నచోటే ఉంది.

వదిన ఏడ్చిందో లేదో అడుగు. అడగడానికి బాధ కలగాల్సిన పనిలేదు, నోరుంటే చాలు.

ఫ్యూజు


కారు షెడ్డు నుంచి

ఫ్యూజుకి,

కారు వచ్చింది. ప్యాడిల్ కుడివైపు ఉంది.

ఎడమ అని రాశాను. నా ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, తీసి చూడు. రెండు అక్షరాలు కాదు, మూడు. ఎ, డ, మ. పుట్టినప్పటి నుంచీ తీగలతో బతుకుతున్నావు, ఏది ఏ పక్కో తెలియదా? లేక జబ్బుపడ్డవాడు ఏం చెప్పినా మనకి తోచింది మనం చేసేద్దాం అనుకున్నావా? ఇంట్లో అందరూ అదే చేస్తున్నారు. గ్లాసు కుడిపక్కనే పెడతారు, చొక్కా గుండీలు వాళ్ళే పెడతారు, ఆ చెయ్యి ఒకటి ఉందని మర్చిపోతే నాకు సుఖం అనుకుంటారు. నువ్వూ అంతేనా?

ఎందుకు అని అడిగావు. చెప్పనే చెప్పకూడదనుకున్నాను, వింటే నవ్వుతావని. విను. ఈ చెయ్యి ఏం పట్టుకున్నా, ఏం లాగినా, నాకు చెప్పదు. ప్యాడిల్ ఎడమకి ఉంటే, ఆ వేలు లాగితే, గేరు పడుతుంది, ఇంజను అరుస్తుంది, కారు ఆగినట్టయి ఒళ్ళు ముందుకి తూలుతుంది, బెల్టు వచ్చి ఛాతీని పట్టుకుంటుంది. చేతికి తెలియకపోయినా ఛాతీకి తెలుస్తుంది, చెవికి తెలుస్తుంది. ఈ లాగింది నా చెయ్యి అని కారు నాకు చెబుతుంది. చెయ్యి చూసుకోకుండా, చెయ్యి ఉందని ఒక్కసారి తెలియాలి నాకు. బంతి పిసికితే అది చెప్పదు. నువ్వు కుడికి పెట్టినది నాకెందుకు? కుడిచెయ్యి ఉందని నాకు తెలుసు.

వచ్చి మార్చు. లేకపోతే మారుస్తానన్నవాడిని నేనే చూసుకుంటాను.

అన్నయ్య


వర్క్‌షాపు నుంచి

అన్నయ్యా,

అబ్బ, ఎన్నాళ్ళకి తిట్టావు! రెండుసార్లు చదువుకున్నాను. వదినకి కూడా చదివి వినిపించు, మొగుడు బతికే ఉన్నాడని తెలుస్తుంది.

ఇక నా మాట విను. నేను నీ ఉత్తరంలో ఎడమ అన్నమాట చూసి కుడికి బిగించాను. ఎందుకు బిగించానో నువ్వు గనక నాన్న కొడుకువే అయితే నీకు తెలియాలి. మన ఇద్దరికీ కారు నేర్పింది ఎవరు? ఆ ఇరుకు పెరట్లో బానెట్టు ముందు నిలబడి, మన వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ "ఎడమకి కొట్టు! ఎడమకి!" అని అరిచింది ఎవరు? ఆయన ఎడమ మనకి కుడి. తెలియక మొదటిరోజే నువ్వు నీళ్ళ తొట్టిని గుద్దావు, నేను మొక్కల మీదకి ఎక్కించాను. ఆయన మాత్రం తన ఎడమ మార్చుకోలేదు. మనమే మారాం. అప్పటి నుంచీ కారు మాట వస్తే మన ఇంట్లో ఎడమ అంటే కుడే. కొత్త కోడలు వదిన మన మాట విని ఎడమకి తిప్పి గేటు స్తంభం విరగ్గొట్టి, "మీ ఇంట్లో దిక్కులు కూడా వేరే ఉంటాయా?" అని స్టీరింగు ముట్టుకోవడమే మానేసింది, గుర్తుందా?

ఎడమచెయ్యి బాగోలేదని రాసి, ఎడమకి పెట్టు అన్నావు. నా బుర్రకి ఏం తోస్తుంది? ఇంటి ఎడమ, అంటే కుడి, బాగున్న చెయ్యి. ఎంత చక్కగా అతికిందో! పరాయివాళ్ళకి పంపకుండా నాకే ఎందుకు పంపావో కూడా అర్థమైపోయిందనుకుని మురిసిపోయాను. జబ్బుపడ్డవాడి మాట కొట్టిపారెయ్యలేదు. నీ మాటే అక్షరాలా చేశాను, అదీ తప్పు.

ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను. లోకం ఎడమకి నేను పెట్టను. తెలియని చేతికి గేరు ఇచ్చి రోడ్డు మీదకి పంపిస్తానా? నీకు తెలియకుండా అది లాగేస్తే వెనకొచ్చేవాడు నీ డిక్కీలో ఉంటాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నట్టుంది నీ వరస. నిన్ను చంపడానికి నేను వైరింగు నేర్చుకోలేదు.

ఫ్యూజు

ఇది పోస్టు చెయ్యకుండా సాయంత్రం దాకా బల్ల మీద పెట్టాను. షెడ్డులో ఒక కస్టమరు కారు ఉంది, కంపెనీ నుంచే ప్యాడిళ్ళతో వచ్చింది. బకెట్లో ఐసుగడ్డలు వేసి నా ఎడమచెయ్యి దాంట్లో పెట్టాను. నొప్పి పుట్టింది, తర్వాత మంట, తర్వాత ఏమీ లేదు. ఆ చేత్తోనే మా వెనకవీధిలో నడిపాను. వేలు లాగుతున్నానా లేదా అన్నది నిజంగా తెలియలేదు. ఇంజను అరిచింది, బెల్టు పట్టుకుంది. అప్పుడు తెలిసింది. తిరిగి షెడ్డుకి వచ్చాక చెయ్యి వెచ్చబడి నాది నాకు వచ్చేసింది. నీకు రాదు కదా అనిపించి బండి పక్కన కూలబడి ఏడ్చాను.

ఆదివారం పనిముట్లు తీసుకుని వస్తున్నాను. ఎడమకే పెడతాను. లోకం ఎడమకే. కానీ పక్కసీటు దగ్గర ఒక స్విచ్చు కూడా పెడతాను, నొక్కితే ప్యాడిల్ చచ్చిపోతుంది. అది వదిన చేతిలో ఉంటుంది. మీ స్కూలు కారులో పక్కసీటు కింద నీకు రెండో బ్రేకు ఉంటుంది చూడు, అలాగే. ఒప్పుకోకపోతే వచ్చినదాన్ని వచ్చినట్టే వెళ్ళిపోతాను.


ముందు గది నుంచి

ఫ్యూజుకి,

నువ్వు వెళ్ళాక రోజూ వెళ్తున్నాం. ఓనరు తన స్కూలు మైదానం తాళం ఇచ్చాడు. పొద్దున్నే ఎవరూ ఉండరు. మీ వదిన పక్కన కూర్చుని ఆ స్విచ్చుని రెండు చేతులతో పట్టుకుంటుంది, అదే స్టీరింగు అయినట్టు.

మన ఎడమ గురించి నువ్వు అన్నది నిజమే. కానీ ఒకటి ఆలోచించు. అది నోటి మాట. మనం ఎప్పుడైనా ఒకరికొకరం ఉత్తరం రాసుకున్నామా? కాగితం మీద రాసేటప్పుడు నేను స్కూలు మాస్టారినే, లోకం ఎడమే రాస్తాను. నువ్వు చదివేటప్పుడు నాన్న గొంతుతో చదివావు. ఎవరిదీ తప్పు కాదు.

లాగింది. అది నీకు చెప్పాలి. మొదటిరోజు ఏమీ కాలేదు, వేలు అంచు దాకా వెళ్ళి జారిపోయింది. తర్వాత ఒకరోజు ప్లాస్టిక్ కోన్ల మధ్య మలుపు తిప్పుతుండగా లాగింది. నువ్వు చెప్పినట్టే గుర్రుమంది. ఛాతీకి బెల్టు తగిలింది. మీ వదిన "అమ్మో!" అని స్విచ్చు నొక్కేసింది. "నేనే లాగాను" అన్నాను. "నిజంగానా?" అంది. "నేనే" అన్నాను. ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

నాకు సంతోషం వేసిందా అని అడుగుతావు. తెలిసింది, అంతే. తలుపు కొడితే ఎవరో వచ్చారని తెలుస్తుంది చూడు, అంతవరకే. వచ్చింది ఎవరో ఇంకా తెలియదు. అయినా రోజూ వెళ్తున్నాను. పరీక్ష తేదీ వచ్చింది. ఓనరు ఫోన్ చేసి "మాస్టారూ, మీ కుర్చీ దులిపించి పెడుతున్నాను" అన్నాడట. మీ వదిన చెప్పింది.

అన్నయ్య


వర్క్‌షాపు నుంచి

అన్నయ్యా,

తలుపు కొడితే తియ్యి, ఎవరైతేనేం.

వదిన నాకు ఫోన్ చేసింది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చేసిందట, గొంతు తగ్గించి మాట్లాడింది. లాగుతున్న మాట నిజమేనంది. కానీ లాగే ముందు ప్రతిసారీ నువ్వు చెయ్యి వంక చూస్తున్నావంది. "చూడ్డం అయ్యాక లాగుతున్నారు. ఆయన చూస్తున్నారని ఆయనకే తెలియదేమో, అడగాలంటే భయంగా ఉంది" అంది. నువ్వు నాకు రాయలేదు. చూడకుండా తెలియాలనే కదా ఇదంతా?

అన్నయ్యా, మైదానంలో కోన్లని గుద్దితే లేపి నిలబెట్టొచ్చు. రోడ్డు మీద నువ్వు చెయ్యి చూసుకునే ఆ రెప్పపాటులో ఎవరి పిల్లలు అడ్డం వస్తారో. ఇంతమందికి నేర్పావు, "చూపు రోడ్డు మీద, చూపు రోడ్డు మీద" అని గొంతు చించుకున్నావు, నేను నీకు చెప్పాలా? పరీక్షకి వెళ్ళు, వద్దనను. కానీ చూడకుండా నడుపు. చూడకుండా నడపలేకపోతే ఆ లైసెన్సు వద్దు మనకి. ఈ మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు.

రెండు రోజులు షెడ్డు మూసేసి వచ్చేస్తానంటే వదిన వద్దంది. "నువ్వొస్తే ఆయన నీకోసం పాసవ్వాలని చూస్తారు" అంది. ఆవిడకి నీ సంగతి నాకంటే బాగా తెలుసు. సరే, ఇక్కడే ఉంటాను.

పాసైనా ఫెయిలైనా ముందు ఆ ముక్క రాయి. ఉపోద్ఘాతం వద్దు.

ఫ్యూజు


వంటగది బల్ల నుంచి

ఫ్యూజుకి,

ఫెయిలయ్యాను.

పరీక్ష పెట్టినాయన మంచివాడే. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. టార్చిలైటు వేసి స్టీరింగు కిందంతా చూసి, "ఎవరు చేశారండీ, పని శుభ్రంగా ఉంది" అన్నాడు. మా చెల్లెలు అన్నాను. స్విచ్చు ఆయన చేతికిచ్చాను. మీ వదిన ఆఫీసు వరండాలో ఉండిపోయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. బయల్దేరేటప్పుడు ఒక్కసారి చూసుకున్నాను, చెయ్యి స్టీరింగు మీద పెట్టాను, ఇక చూడలేదు. ఎంత బలవంతంగా చూడలేదో నీకు చెప్పలేను, మెడ నరాలు లాగాయి. పల్లం దిగేటప్పుడు లాగింది, గుర్రుమంది. బజారు మలుపు దగ్గర మళ్ళీ లాగింది. అద్దాలు చూశాను, సిగ్నలు ఇచ్చాను, అడ్డొచ్చిన సైకిలుకి దారిచ్చాను. నా దగ్గర నేర్చుకునేవాడు అలా నడిపితే భుజం తట్టేవాణ్ణి.

తర్వాత తిన్నని రోడ్డు వచ్చింది. ఆయన "మాస్టారూ, ముందుకే చూస్తూ చెప్పండి, మీ ఎడమచెయ్యి ఎక్కడుంది?" అన్నాడు. "స్టీరింగు మీద" అన్నాను. తడుముకోలేదు, వెంటనే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. తర్వాత కారు పక్కకి ఆపించి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. నా ఒళ్ళో ఉంది. అరచెయ్యి పైకి తెరుచుకుని నిద్రపోతున్నట్టు పడుంది. ఎప్పుడు పడిందో, ఎంతసేపటి నుంచి ఉందో. నేను మాత్రం దాని ధైర్యంతోనే నడుపుతున్నాను.

"నేను తీసుకెళ్తాను, ఇటు రండి" అన్నాడు. సీట్లు మారాం. బతుకంతా పక్కసీట్లోనే కూర్చున్నవాణ్ణి, నా కారులో అటు కూర్చోవడం అదే మొదలు. కాలు బ్రేకు కోసం వెతికింది. అది స్కూలు కారులో కదా ఉండేది.

ఆఫీసు గేటు మలుపు దగ్గర ఇంజను గుర్రుమంది. ఒళ్ళు ముందుకి తూలింది, బెల్టు ఛాతీని పట్టుకుంది. లాగింది, నా చెయ్యే లాగింది అనుకున్నాను. సంతోషం వేసింది ఫ్యూజూ. ఇన్నాళ్ళూ రానిది, మైదానంలో రానిది, అప్పుడు ఒక్కసారి పొంగింది. ఆయన "సారీ అండీ, చెయ్యి తగిలింది" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో రానిది, మీ వదిన చెయ్యి పట్టుకున్న రోజు రానిది. నోరు మూసుకున్నా ఆగలేదు. పాపం ఆయన కారు ఆపి దిగిపోయాడు, ఎటు చూడాలో తెలియక టైర్ల వంక చూస్తూ నిలబడ్డాడు. మీ వదిన పరుగెత్తుకొచ్చి తలుపు తీసి "ఏమైందండీ, ఎక్కడ నొప్పి?" అంది. "నొప్పి కాదు, ఏడుస్తున్నాను" అన్నాను. అలాగే నా మొహంలోకి చూసి, "ఏడవండి" అంది. తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది. ముక్కు కారింది, గడ్డం దాకా తడిసింది, కళ్ళు మండాయి. ఏదీ చూసుకోకుండానే అన్నీ తెలిశాయి.

లైసెన్సు అక్కడే ఇచ్చేశాను. ఓనరుకి మీ వదిన చెప్పింది. కారు ఇంకా ఆఫీసు ఆవరణలోనే ఉంది, నువ్వొచ్చి తీసుకెళ్ళు. రాత్రికి అన్నం తినలేదు, పొద్దున్న తిన్నాను.

ఆ ప్యాడిల్ ఎవరు లాగినా నా ఒంటికి ఒకలాగే తెలుస్తుందని ఇప్పుడు అర్థమైంది. ఏడుపు మాత్రం నాదే. దాన్ని ఎవరూ లాగలేదు.

అన్నయ్య